పేడ, ఎండ, గాలి: ఇంటి పెరట్లో పిల్లలు చేయదగిన నాలుగు ప్రయోగాలు

(సభ్యుల అధ్యయన పాఠం)



మన గ్రామాలకు లాక్టోమీటరు, వెన్న పరీక్ష వచ్చిన తొలి రోజులను గురించి పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారు. పాల చిక్కదనం కంటికి కనిపిస్తూనే ఉండగా గాజు గొట్టం చెప్పేదేమిటని సందేహించినవారు, తమ పాలను తమ ఎదుటనే పరీక్షించి చూపిన తర్వాత నమ్మినారు. ఎవరో చెప్పగా విన్న మాట మరునాటికి మరుపుకు వస్తుంది. స్వయంగా కొలిచి చూసిన సంగతి మనసులో నిలుస్తుంది. ఈ పాఠం కూడా కొలతను గురించినదే. అయితే ఈసారి కొలిచేవారు మన పిల్లలు. కొలవవలసినవి పేడ, ఎండ, గాలి.

బొగ్గు, పెట్రోలు, వంట గ్యాసు భూగర్భంలో కోట్ల సంవత్సరాలలో తయారైనవి. తీసినకొద్దీ తరిగిపోతాయి. ఎండ, గాలి, పశువుల పేడ అట్లా కాదు. ఈ రోజు వాడుకున్నా రేపు మళ్లీ వస్తాయి. పాఠ్యపుస్తకాలలో వీటిని పునరుత్పాదక ఇంధన వనరులు అంటున్నారు. పేరు పెద్దదే కాని వస్తువులు మాత్రం మన పెరట్లో ఉన్నవే.

ఈ పాఠం రాయడానికి కారణం

ఒంగోలుకు పడమటి వైపు నల్లరేగడి పల్లె మాది. 1982లో మా నాన్నగారు సబ్సిడీతో పెరట్లో గోబర్ గ్యాసు కట్టించారు. ఇనుప డ్రమ్ము రకం. అప్పట్లో ఇంట్లో ఐదు గేదెలు ఉండేవి. రెండు సంవత్సరాలు చక్కగా మండింది. 1984 చలికాలంలో మంట రెపరెపలాడసాగింది. కొద్ది రోజులకు పూర్తిగా ఆగిపోయింది. కట్టిన మేస్త్రీకి రెండు సార్లు కబురు పంపినా రాలేదు. గ్యాసు చచ్చిపోయిందని తలచి పేడ వేయడం మానివేశారు. అమ్మ తిరిగి పత్తికట్టె, మిరపకట్టె పొయ్యి ముందు కూర్చున్నది. కొన్నేళ్లకు తుప్పు పట్టిన డ్రమ్మును పాత ఇనుము కింద తూకానికి అమ్మివేశారు.

నేనప్పుడు పదవ తరగతి చదువుతున్నాను. మీథేను సూత్రం పరీక్షలో తప్పులేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెరట్లో ఉన్న మీథేను పొయ్యిదాకా ఎందుకు రావడం లేదో మాత్రం చెప్పలేకపోయాను.

సహకార డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన చాలా కాలానికి, ఒక గ్రామంలో సంఘం లెక్కలు చూడడానికి వెళ్లాను. అక్కడ ఒక సభ్యురాలు తమ గ్యాసు గొట్టం పల్లంగా ఉన్నచోట చిన్న కుళాయి తిప్పి, గరిటెడు నీళ్లు కింద వదలుతున్నది. ఎందుకమ్మా అని అడిగాను. "గ్యాసుతో పాటు ఆవిరి వస్తదండీ. గొట్టంలో చల్లబడి నీళ్లవుతది. వదలకపోతే మంట రాదు" అన్నది. మా ఇంటి గొట్టానికి కూడా అటువంటి కుళాయి ఉండేది. అది ఎందుకు పెట్టినారో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మంట ఆగడానికి కారణం అదే అయి ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం. ఆ తర్వాత అమ్మ మరి పదిహేను సంవత్సరాలు పొగలోనే వంట చేసింది. ఆమె దగ్గు చివరి వరకు పోలేదు.

సబ్సిడీ వచ్చింది, సిమెంటు వచ్చింది, డ్రమ్ము వచ్చింది. లోపల ఏమి జరుగుతున్నదో తెలిసిన మనిషి ఒక్కరు ఇంట్లో లేకపోవడం వలన అంతా పోయింది. ఆ ఒక్కరు పన్నెండేళ్ల పిల్లవాడైనా సరిపోయేది. అందుకే గత వేసవి సెలవులలో కొత్తపట్నంలో కొందరు పాడి రైతుల పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ ప్రయోగాలు చేయించాను. వీటికి కొనవలసిన వస్తువులు బహు స్వల్పం.

ముందుగా రిజిస్టరు

పని మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని, మన పాల కొలత రిజిస్టరు వలెనే గీతలు గీయవలెను. తేదీ, వేళ, వేసిన వస్తువు, తూకం, కనిపించినది, రాసినవారి సంతకం. తప్పు రాసినచో చెరపరాదు. ఒక గీతతో కొట్టివేసి, పక్కన సరియైనది రాసి సంతకం చేయవలెను. ఆశించిన ఫలితం రాకపోయినా వచ్చినదే రాయవలెను. ఇది సంఘం లెక్కలకు ఎంత అవసరమో శాస్త్రానికీ అంతే అవసరం.

మొదటి ప్రయోగం: పేడ సీసా

కావలసినవి: రెండు లీటర్ల కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలు మూడు, మూడు బుడగలు, దారం, తాజా గేదె పేడ, గరాటు, తూకం.

ఒక్కొక్క సీసాకు అర కిలో పేడ, అర లీటరు నీరు చొప్పున గడ్డలు లేకుండా పిసికి, గడ్డి పరకలు తీసివేసి పోయవలెను. సీసాలో సగం ఖాళీగా ఉండవలెను. మూతికి బుడగ తొడిగి దారంతో గట్టిగా కట్టవలెను. మొదటి సీసాను మంచినీటితో కలిపి వెచ్చని చోట ఉంచవలెను. రెండవదానిని అదే విధంగా కలిపి, కుండల పక్కన చల్లని చోట ఉంచవలెను. మూడవ సీసా మాట కొత్తపట్నం పిల్లవాడొకడు నన్ను అడిగిన ప్రశ్న నుంచి వచ్చింది. "సార్, సముద్రం నీళ్లు పోస్తే ఏమవుద్ది?" అన్నాడు. పోసి చూద్దామన్నాను.

వారం దాటేసరికి వెచ్చని చోట ఉంచిన సీసా మీద బుడగ నిటారుగా నిలబడింది. చల్లని చోటి బుడగ సగమే లేచింది. సముద్రపు నీటి సీసా మీది బుడగ వాలిపోయి ఉన్నది. ఆ పిల్లవాడు రోజూ వచ్చి దాన్ని చూసి రాసుకునేవాడు.

ఇందులోని సంగతి ఇది. పేడలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉన్నాయి. గాలి తగలని చోట అవి పేడను రెండు అంచెలలో కుళ్లబెడతాయి. మొదటి అంచెలో ఆమ్లాలు, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. రెండవ అంచెలో మరొక జాతి సూక్ష్మజీవులు ఆ ఆమ్లాల నుంచి మీథేను తయారు చేస్తాయి. ఈ రెండవ జాతి నెమ్మదిగా పెరుగుతుంది. దానికి 30 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం బాగా పడుతుంది. చలి, హెచ్చు ఉప్పు పడవు. చలికాలంలో గ్యాసు తగ్గడానికి, తీరగ్రామాలలో ఉప్పునీరు కలపరాదని చెప్పడానికి కారణం ఇదే. పెద్దలు నాలుగు సార్లు చెప్పినా చెవిని పెట్టని ఈ మాటను వాలిపోయిన బుడగ ఒక్క రోజులో నేర్పింది.

దీనికి అనుబంధంగా సున్నపు తేట పరీక్ష చేయవచ్చును. తాంబూలపు సున్నం కొంచెం నీటిలో కలిపి రాత్రంతా ఉంచి, పైన తేరిన నీటిని పెద్దవారు వంచి ఇవ్వవలెను. కళ్లలో పడకుండా జాగ్రత్త పడవలెను. బుడగలోని వాయువును సన్నని గొట్టం ద్వారా ఈ తేటలోకి పంపితే అది పాలవలె తెల్లబడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఉన్నదని దీని అర్థం. బాగా నడిచే గోబర్ గ్యాసులో మీథేను సుమారు 55 నుంచి 65 పాళ్లు ఉంటుంది. మిగిలినదానిలో అధిక భాగం బొగ్గుపులుసు వాయువే. అది మండదు. కొత్తగా కట్టిన ప్లాంటులో మొదట వచ్చిన గ్యాసు మండకపోవడం చూసి బెంగపడవలసిన పని లేదు. మొదటి అంచె వాయువు ముందు వస్తుంది, మీథేను తర్వాత వస్తుంది.

హెచ్చరిక: ఈ గ్యాసును పిల్లలు ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించరాదు. గాలితో కలిసిన మీథేను పేలుతుంది. గాజు సీసా వాడరాదు. బుడగకు బదులు మూత బిగించరాదు. బుడగ బాగా ఉబ్బినప్పుడు ఆరుబయట, పొయ్యికి, బీడీలకు దూరంగా వదిలివేయవలెను. పని అయిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవలెను.

రెండవ ప్రయోగం: ఎండ పెట్టె

ఒక పెద్ద అట్టపెట్టెలో చిన్న అట్టపెట్టెను ఉంచి, రెంటి నడుమ ఊక దట్టించవలెను. మూడు సమానమైన రేకు డబ్బాలు తీసుకుని ఒక్కొక్కదానిలో అర లీటరు నీరు పోయవలెను. ఒకదానికి సున్నం పూసి, రెండింటికి పెనం అడుగు మసి పూయవలెను. సున్నపు డబ్బాను, ఒక మసి డబ్బాను ఆరుబయట ఎండలో ఉంచవలెను. రెండవ మసి డబ్బాను పెట్టెలో పెట్టి, పైన ఫొటో ఫ్రేము గాజు పలకను మూయవలెను. ఉదయం పది గంటల నుంచి గంటకొకసారి మూడింటి వేడిని పాలకేంద్రం థర్మామీటరుతో కొలిచి రాయవలెను. అంకెలు నేను ఇక్కడ రాయడం లేదు. మీ పిల్లలే రాయవలెను. వరుస మాత్రం అంతటా ఒక్కటే వస్తుంది. తెల్లది తక్కువ, నల్లది ఎక్కువ, గాజు కింద ఉంచిన నల్లది అన్నిటికన్న ఎక్కువ.

నలుపు ఎండను తాగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది. గాజు ఎండను లోపలికి రానిస్తుంది కాని వేడెక్కిన గాలిని బయటకు పోనివ్వదు. ఊక పక్కల నుంచి వేడి జారిపోకుండా కాపాడుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలోనే స్విట్జర్లాండుకు చెందిన సస్యూర్ అనే శాస్త్రజ్ఞుడు గాజు పలకల పెట్టెలో నీరు మరిగే వేడికి మించిన వేడి సాధించాడు. మన దేశంలో 1945 ప్రాంతంలోనే పెట్టె రకం సౌరకుక్కరు తయారైంది. తిరుమలలో 2002లో అన్నప్రసాదం వంటకు కావలసిన ఆవిరిని పెద్ద అద్దాల పళ్లాలతో ఎండ నుంచి పుట్టించే ఏర్పాటు చేశారు.

నడి ఎండలో చదరపు మీటరు నేల మీద పడే శక్తి సుమారు 1000 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టె తినే కరెంటుకు ఇది దాదాపు సమానం. మన వాకిట్లో ఇట్టి ఇస్త్రీ పెట్టెలు ఎన్ని ఊరికే కాలిపోతున్నాయో పిల్లలచేత లెక్క కట్టించండి.

పాడి రైతుకు దీనితో నేరుగా పని ఉన్నది. పాలచెంబులు, క్యానులు చన్నీళ్లతో కడిగితే జిడ్డు వదలదు. ఆ జిడ్డులో పెరిగిన సూక్ష్మజీవులే సాయంత్రపు పాలను విరగగొడతాయి. ఎండలో కాగిన నీటితో సోడా వేసి తోమితే కట్టెలు ఖర్చు లేకుండా జిడ్డు వదులుతుంది. చివర మరుగునీటితో తొలవడం మాత్రం మానరాదు. పిల్లలు సూర్యుని వైపు నేరుగా చూడరాదు, కాగిన గాజును ఉత్త చేతితో పట్టరాదు.

మూడవ ప్రయోగం: తాటాకు గాలిమర

తాటాకు రెక్కలను తుమ్మముల్లుతో పుల్లకు గుచ్చి పరుగెత్తడం తీరంలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన ఆటే. దానికి మరొక్క మెట్టు కలపండి. రెక్కలను ఇరుసు పుల్లకు కదలకుండా కట్టి, ఆ పుల్ల రెండు పంగల మధ్య సులువుగా తిరిగేటట్లు అమర్చి, పుల్ల రెండవ కొసకు దారం కట్టవలెను. దారం చివర అగ్గిపెట్టె వేలాడదీసి అందులో ఒక్కొక్క గులకరాయి వేయవలెను. రెక్కలు తిరిగితే దారం చుట్టుకుని పెట్టె పైకి లేస్తుంది. గాలి ఎన్ని రాళ్లు మోసిందో రిజిస్టరులో రాయవలెను.

దీనితో పాటు ఒక గడకు గుడ్డ పీలిక కట్టి, తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి అది ఏ దిక్కుకు ఎగురుతున్నదో చూడవలెను. పగలు నేల త్వరగా కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కనుక గాలి ఎదురు తిరుగుతుంది. తెరచాప తెప్పల కాలంలో వేటకు పోయేవారు తెల్లవారుజామున నేలగాలితో బయలుదేరి, మధ్యాహ్నం సముద్రగాలితో ఒడ్డుకు చేరేవారు. వారికి పుస్తకం లేదు, లెక్క మాత్రం ఉన్నది.

ఉదయం ఒక్క రాయి మోయలేని గాలిమర మధ్యాహ్నం గుప్పెడు రాళ్లు మోయడం పిల్లలకు వింతగా తోస్తుంది. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. రెక్కల పొడవు రెట్టింపయితే శక్తి నాలుగింతలు అవుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలను అంత ఎత్తున, అంత పెద్ద రెక్కలతో నిలబెట్టడం వెనుక ఉన్నది ఈ సూత్రమే.

నాలుగవ ప్రయోగం: మేస్త్రీ లెవెలు గొట్టం

ఇది అన్నిటికన్న చిన్నది. నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెలు గొట్టం రెండు మూరలు కొత్తది తీసుకుని, మధ్యలో ఉయ్యాలవలె వేలాడనిచ్చి, రెండు కొసలు పైకి పట్టుకోవలెను. ఒక కొస నుంచి మెల్లగా ఊదితే, రెండవ కొస దగ్గర పట్టిన కాగితం ముక్క నిలకడగా వంగి ఉంటుంది. ఇప్పుడు ఒక చెంచాడు నీరు పోసి అంతే మెల్లగా ఊదవలెను. నీరు గుడగుడమంటుంది, కాగితం రెపరెపలాడుతుంది. మరికొంత నీరు పోసి ఊదితే కాగితం కదలనే కదలదు.

ఈ ప్రయోగం చేస్తూ ఒక అమ్మాయి, "మా మామ్మ వాళ్లింట్లో మంట ఇట్లాగే చేస్తది" అన్నది. ఆ సాయంత్రం వారి ఇంటికి వెళ్లి చూశాము. గొట్టం ఒకచోట కుంగి ఉన్నది. పెద్దవారు గేటు వాల్వు కట్టి, అక్కడి నీటిని వదిలి, గొట్టాన్ని వాలు సరిచేసి కట్టారు. మంట నీలంగా నిలిచింది. మామ్మగారు నావైపు కాదు, మనుమరాలి వైపు చూసి నవ్వింది.

ఇంటి లెక్క

ప్రయోగాలు అయిన తర్వాత పిల్లలచేత ఈ లెక్క చేయించవలెను. ఒక గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. రెండు గేదెలవి 30 కిలోలు. మేతకు తోలినచోట పోయినది పోగా 25 కిలోలు దక్కుతుందనుకుందాం. కిలో తాజా పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 25 కిలోలకు 1000 లీటర్లు, అనగా ఒక ఘనపు మీటరు. దీని వేడి సుమారు మూడున్నర కిలోల కట్టెలకు, లేదా 0.43 కిలోల వంట గ్యాసుకు సమానం. నెలకు దాదాపు 13 కిలోలు. మనం కొనే గ్యాసు బండ 14.2 కిలోలు. తేడా ఎంతో పిల్లలే చెబుతారు.

"పేడ గ్యాసుకు పోతే ఎరువు ఏమి మిగులుతుంది" అని మిరప రైతులు అడుగుతారు. మంచి ప్రశ్న. మీథేనులో ఉన్నవి కర్బనం, ఉదజని మాత్రమే. పైరుకు కావలసిన నత్రజని, భాస్వరం, పొటాషు గ్యాసుతో పోవు. అవి బయటకు వచ్చే జారు పేడలోనే ఉంటాయి. పిడకలు కాల్చితే నత్రజని పొగలో పోతుంది. కొత్తపట్నం వంటి ఇసుక నేలలలో తడి నిలవాలన్నా ఈ జారు ఎంతో మేలు. గుజరాత్ ఆణంద్ జిల్లా జకారియాపురా గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ సాయంతో పాల ఉత్పత్తిదారులైన మహిళలు ఇంటింటా గోబర్ గ్యాసు పెట్టుకుని, మిగిలిన జారును అమ్మి పాల డబ్బుకు తోడు మరికొంత ఆదాయం పొందుతున్నారు.

సంఘం చేయవలసినది

సహకారోద్యమానికి ఆద్యులైన రోచ్‌డేల్ నేతపనివారు 1844లో దుకాణం తెరిచారు. పది సంవత్సరాలకే తమ మిగులులో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకు కేటాయించారు. విద్య నేటికీ సహకార సూత్రాలలో ఒకటి. మన సంఘాలకు ఇందుకు పెద్ద నిధి అక్కరలేదు. వేసవిలో నాలుగు ఆదివారాలు పాలసేకరణ అయిన తర్వాత కేంద్రం అరుగు, తూకం, థర్మామీటరు పిల్లలకు ఇవ్వవలెను. టెస్టరు గాని, పాలకవర్గ సభ్యులలో ఒకరు గాని పక్కన ఉండవలెను. బడి ఉపాధ్యాయుని కూడా పిలవవలెను. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ తన ముఖ్యాంశంగా 2012, 2013 సంవత్సరాలలో శక్తినే తీసుకున్నది. పది నుంచి పదిహేడు సంవత్సరాల పిల్లలు తమ ఊరి సమస్యను తామే పరిశీలించి, తమ భాషలోనే అందులో సమర్పించేవారు. పేడ సీసా రిజిస్టరు చక్కగా రాసిన పిల్లలకు అటువంటి వేదికలకు సగం దారి పూర్తయినట్లే.

ప్లాంటు కట్టించుకోదలచిన సభ్యులకు నా మనవి ఒక్కటే. ముందు సీసా కట్టండి, తర్వాత ప్లాంటు కట్టండి. మేస్త్రీ వచ్చిన రోజున ఇంటి పిల్లలను, ఇంటి ఆడవారిని పక్కన నిలబెట్టి, ఏ గొట్టం ఎందుకు, ఏ కుళాయి ఎందుకు అని అడిగించండి. సమాధానం రిజిస్టరులో రాయించండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామంలో గతంలో కట్టి, ఇప్పుడు పనిచేయని గోబర్ గ్యాసులు ఎన్ని? ఒక్కొక్కటి ఆగడానికి కారణమేమిటో పిల్లలచేత ఇంటింటా అడిగించి రాయించండి.
2. మీ ఇంట్లో రోజుకు దక్కే పేడ ఎన్ని కిలోలు? వారం రోజులు తూచి సగటు కట్టండి.
3. చలికాలంలో గ్యాసు తగ్గకుండా ఉండడానికి ఏమి చేయవచ్చును? మొదటి ప్రయోగాన్ని బట్టి చెప్పండి.
4. పాలకేంద్రంలో పాత్రలు కడిగే నీటిని ఎండతో కాచడానికి ఏ చోటు అనుకూలం?
5. గ్యాసు గొట్టంలో నీరు వదిలే కుళాయి మీ ఇంట్లో ఎక్కడ ఉన్నది? దానిని తిప్పడం ఎవరెవరికి తెలుసు?

ఐదవ ప్రశ్నకు సమాధానం ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండవలెను. అందులో ఒకరు పిల్లలు కావలెను.